జీఆర్ఈ వెర్బల్‌లో మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు?

ఇంజనీరింగ్ మూడో ఏడో, నాలుగో ఏడో చదివే పిల్లలున్న మన ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ: పై చదువుకు ఎక్కడికి పంపాలి, ఎంత ఖర్చవుతుంది. బళ్లారి, హోసూరు, షోలాపూర్, రాయగడ, యానాం, ఎక్కడి మిత్రులతో ఫోన్‌లో మాట్లాడినా కుశల ప్రశ్నలు అయ్యాక ఈ మాటే వస్తోంది. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మొదటిసారి మనవాళ్లు చైనా విద్యార్థుల సంఖ్యను దాటిన సంవత్సరం అది. ఆ తర్వాత గాలి మారింది. 2025 మే నెలాఖరున విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్ని వారాలు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా ఉంచాలన్నారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అప్పు చేసి పంపితే రెండేళ్లలో ఉద్యోగంతో తీరిపోతుందన్న పాత లెక్క ఇప్పుడు అంత సులువుగా కుదరదు.

అందుకే ‘ఏదో ఒక యూనివర్సిటీ’ అనుకునే రోజులు పోతున్నాయి. వెళ్తే మంచిచోటికి వెళ్లాలి, వీలైతే కొంత ఆర్థిక సాయంతో వెళ్లాలి, లేదంటే ఇక్కడే చదవాలి అని తల్లిదండ్రులు ఆలోచిస్తున్నారు. ఇది మంచి మార్పే. కానీ ఈ ఆలోచన దగ్గరే జీఆర్ఈ పరీక్ష, అందులోనూ వెర్బల్ భాగం, అడ్డం వస్తోంది. 2020 తర్వాత చాలా అమెరికన్ యూనివర్సిటీలు ఈ పరీక్షను ఐచ్ఛికం చేసిన మాట నిజమే. అడగని చోటికి దరఖాస్తు చేసేవాళ్లు దీనికోసం 20 వేల రూపాయలకు పైబడిన ఫీజు కట్టక్కర్లేదు, నిద్ర పాడు చేసుకోనూ అక్కర్లేదు. అడిగే చోట మాత్రం లెక్కల మార్కులు ఒక్కటే గట్టెక్కించవు.

ఎందుకో చూడండి. వెర్బల్, క్వాంట్ రెండింటికీ మార్కులు 130 నుంచి 170 వరకే. క్వాంట్‌లో 160 తెచ్చుకున్న పిల్లవాడు పరీక్ష రాసినవాళ్లలో దాదాపు మధ్యలో ఉంటాడు. అదే 160 వెర్బల్‌లో వస్తే, వందమందిలో 80 మందికి పైగా అతని వెనకే. అంటే లెక్కల్లో మనవాళ్లు చెమటోడ్చి సంపాదించేది అందరి దగ్గరా ఉన్న సరుకు. వెర్బల్‌లో నాలుగు మార్కులు పెరిగితే మనిషి కనిపిస్తాడు. అయినా ఇంట్లో చదువు టైమంతా క్వాంట్‌కే పోతుంది. వెర్బల్‌కు మిగిలేది రాత్రి పడుకునే ముందు బట్టీపట్టే మాటల పట్టిక.

ఆ పట్టిక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా బరంపురంలో అన్నయ్య వాడిన పుస్తకం తమ్ముడికి, మేనమామ కొడుకు పుస్తకం మేనత్త కూతురికి చేరుతూ ఉంటుంది. ఒక తరం పిల్లలు బారన్స్ పుస్తకంలోని 3,500 మాటల పట్టికను మంత్రంలా చదివారు. అప్పట్లో దానికో కారణం ఉంది. అప్పటి వెర్బల్ భాగంలో వ్యతిరేకపదాలు, పదాల జంటల మధ్య పోలికలు అడిగేవారు. వాక్యం ఉండేది కాదు, ఒంటరి మాట ఒకటి ఎదురుగా నిలబడేది. అర్థం తెలిస్తే మార్కు, తెలియకపోతే లేదు. 2011 ఆగస్టులో పరీక్షను మార్చినప్పుడు ఆ రెండు రకాల ప్రశ్నలనూ తీసేశారు. పదిహేనేళ్లు కావొస్తోంది. ప్రశ్నలు పోయినా వాటికోసం పుట్టిన పట్టికలు మాత్రం పోలేదు. కొత్త అట్టలతో, సెల్‌ఫోన్ యాప్‌లలో, కోచింగ్ సెంటర్ల జిరాక్సు కట్టల్లో ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి. అమ్మేవాడికి అది తేలిక. పట్టిక ఇస్తే పని ఇచ్చినట్టుంటుంది, వారానికోసారి పరీక్ష పెడితే చదువు చెప్పినట్టుంటుంది. తండ్రికి కూడా కొడుకు ఇన్ని మాటలు నేర్చాడని చెప్పుకోవడానికి ఒక అంకె దొరుకుతుంది.

ఇప్పటి పరీక్ష వేరు. 2023 సెప్టెంబరు 22 నుంచి దాన్ని బాగా కుదించారు. మూడు గంటల నలభై ఐదు నిమిషాల పరీక్ష 1 గంట 58 నిమిషాలకు దిగింది. రెండు వ్యాసాల్లో ఒకటి తీసేశారు. వెర్బల్‌లో మొదటి విభాగం 12 ప్రశ్నలు, 18 నిమిషాలు. రెండోది 15 ప్రశ్నలు, 23 నిమిషాలు. మొత్తం 27 ప్రశ్నలకు 41 నిమిషాలు, అంటే ఒక్కోదానికి సగటున ఒకటిన్నర నిమిషం. మొదటి విభాగం ఎలా రాశారన్నదాన్నిబట్టి రెండో విభాగం కష్టమో సులువో నిర్ణయమవుతుంది. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ఈ ఒక్క సంగతి తెలియక ఖాళీలు వదిలి వచ్చే పిల్లలు ఇంకా ఉన్నారంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ప్రశ్నల్లో దాదాపు సగం చదివి అర్థం చేసుకునే పేరాలు. మిగతా సగం వాక్యాల్లో ఖాళీలు. ఖాళీ ఒకటే ఉంటే ఐదు మాటలిస్తారు. రెండో మూడో ఉంటే ఒక్కోదానికి మూడేసి మాటలు. అన్నీ సరిగ్గా పడితేనే మార్కు, రెండు ఒప్పు ఒకటి తప్పు అయినా సున్నానే. మూడు ఖాళీలను గుడ్డిగా పూరిస్తే తగిలే అవకాశం 27లో ఒకటి. ఇంకో రకంలో ఒకే ఖాళీకి ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం ఇచ్చే రెండింటిని ఎంచమంటారు.

ఈ చివరి రకాన్ని తెలుగులో తయారుచేసి చూపిస్తాను. మీ పిల్లల ముందు పెట్టండి.

“ఆయన మాటలు పైకి మెత్తగా వినిపించినా, వాటి వెనక ఉద్దేశం మాత్రం ______.” ఇచ్చిన మాటలు: సౌమ్యం, ప్రాచీనం, కఠినం, విపులం, మృదువు, నిర్దయం.

సౌమ్యం, మృదువు అనేవి చూడగానే జంటగా కనిపిస్తాయి. పట్టిక బట్టీపట్టిన పిల్లవాడి చెయ్యి వాటి మీదికే వెళ్తుంది, ఎందుకంటే అతనికి నేర్పింది ఒకే అర్థం గల మాటల్ని కలిపి గుర్తుపెట్టుకోవడమే. కానీ వాక్యంలో ‘వినిపించినా’ అని ఉంది, ఆపైన ‘మాత్రం’ అని ఉంది. ఆ రెండూ వాక్యాన్ని అటు నుంచి ఇటు తిప్పాయి. కావలసిన జంట కఠినం, నిర్దయం. ఈ ఆరు మాటల్లో మనకు తెలియనిది ఒక్కటీ లేదు. అయినా తప్పు జరగడానికి చోటుంది. అసలు పరీక్షలో ఉన్న కిటుకు ఇదే. అక్కడ ‘ఆల్దో’, ‘హవెవర్’, ‘డిస్పైట్’, ‘ఫార్ ఫ్రమ్’ లాంటి చిన్న మాటలే వాక్యాన్ని తిప్పుతాయి. అందుకే ముందు ఇచ్చిన జవాబుల్ని చేత్తో మూసిపెట్టి, ఖాళీలో ఏ మాట రావాలో సొంతంగా అనుకోవాలి. తెలుగులో అనుకున్నా తప్పులేదు. ‘ఇక్కడ చెడ్డ మాట ఒకటి రావాలి’ అనుకున్నా సరిపోతుంది. ఆ తర్వాతే చెయ్యి తీసి జవాబులు చూడాలి.

మాటలే అక్కర్లేదని నేననడం లేదు. ఇంగ్లీషు పరీక్షకు ఇంగ్లీషు మాటలు తెలియాల్సిందే. కొన్ని వందల మాటలు గట్టిగా వస్తే చాలు, వేలు అనవసరం. మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేవి తెలియని మాటలు కావు, తెలుసనుకున్నవి. ‘క్వాలిఫై’ అంటే అర్హత సంపాదించడం అని మనకు తెలుసు. ఆ పరీక్షలో దానికి ఎక్కువగా ఉండే అర్థం, చెప్పిన మాటకు షరతు పెట్టి పరిధి తగ్గించడం. ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అంటే చదువుకున్నవాళ్ల మద్దతు కాదు, షరతులతో కూడిన మద్దతు. ‘చెక్’ అంటే అదుపు చేయడం, ‘టెంపర్’ అంటే తీవ్రత తగ్గించడం, ‘ఇకానమీ’ అంటే పొదుపు. ఆఫీసులో పనిచేసినవాళ్లకు ‘శాంక్షన్’ అంటే మంజూరు. విదేశీ వార్తల్లో అదే మాట ఆంక్ష.

ఇక్కడ మన ఇళ్ల సంగతి ఒకటి ఉంది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. మా ఒడిశాలో బడికి వెళ్లే తెలుగు పిల్లకు ‘శిక్ష’ అంటే చదువు, ఇంటికి వస్తే దండన. (రెండూ ఒకటేనని మా అమ్మాయి చిన్నప్పుడు అనేది.) ఒడియాలో ‘ఉపన్యాస’ నవల, మనకు సభలో ఇచ్చే ప్రసంగం. ‘చేష్ట’ అక్కడ ప్రయత్నం, మన పెద్దవాళ్ల నోట అది కోతి చేష్ట. తమిళనాడులో, కర్ణాటకలో మనవాళ్లకు ‘అవసరం’ బయట తొందర, ఇంట్లో అక్కర. ఈ పిల్లలు ఎవరూ నేర్పకుండానే, మాట ఎవరి నోట వచ్చింది, పక్కన ఏ మాటలున్నాయి అని చూసి అర్థం తేల్చుకుంటారు. రోజుకు పదిసార్లు. వెర్బల్ పరీక్ష కోరేది సరిగ్గా ఆ పనే. ఒకే భాషలో పెరిగిన పిల్లలకంటే మనవాళ్లకు ఇది కొంత ముందే అలవాటయ్యే విద్య. మాటకు ఎదురుగా ఒకే అర్థం రాసిన పట్టిక చేతిలో పెట్టి ఆ అలవాటును మనమే చెడగొడుతున్నాం.

సంస్కృతం నుంచి వచ్చిన తెలుగు మాటలు కూడా అలాగే పనికొస్తాయి. ‘అప్రతిహతం’ అనే మాటను విడదీసి చూడగలిగిన పిల్ల, ‘బెనె’ అంటే మంచి, ‘మాల్’ అంటే చెడు అని ఒకసారి చెబితే ‘బెనివలెంట్’, ‘మలెవలెంట్’ రెండింటినీ తనే విప్పుకుంటుంది. జాగ్రత్త కూడా చెప్పాలి. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండనిది కాదు, తేలిగ్గా మండేది. ముందున్న ముక్కను చూసి పరుగెత్తితే అక్కడ పడిపోతారు.

లోటు ఉన్నది చదివే అలవాటులో. ఈ విషయంలో మనల్ని మనం మభ్యపెట్టుకోకూడదు. మన పిల్లలు మూడు భాషలు మాట్లాడతారు, నాలుగోది అర్థం చేసుకుంటారు, కానీ ఏ ఒక్క భాషలోనూ వరసగా నాలుగు పేజీలు చదవరు. ఇంగ్లీషు సెల్‌ఫోన్‌లో రెండేసి లైన్లు. రాష్ట్ర భాష పరీక్ష వరకు. తెలుగు చాలా ఇళ్లలో చెవికే పరిమితం, లిపి కూడా రాని పిల్లలు ఎందరో. జీఆర్ఈలో పేరా చిన్నదే, చాలావరకు ఒకటే పేరా. కానీ అందులో రచయిత ముందు ఇతరుల అభిప్రాయం చెప్పి, దానికి ఒక ఆక్షేపణ తెచ్చి, ఆ ఆక్షేపణను సగం ఒప్పుకుని, చివర తన మాట చెబుతాడు. మనవాడు మొదటి వాక్యంలో చదివిన ఇతరుల అభిప్రాయాన్నే రచయిత అభిప్రాయం అనుకుని జవాబు పెడతాడు. ఇందులో ఇంగ్లీషు రాకపోవడం కొంతే. ఎవరు ఎవరి మాట చెబుతున్నారో పట్టుకుని చివరిదాకా రాకపోవడమే ఎక్కువ.

ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు నడిపినవాణ్ని కాబట్టి నాకిది కొత్తగా అనిపించదు. ఆఫీసులో ‘మే’ అని ఉన్న చోట ‘షల్’ అని చదివితే గుమాస్తా ఉద్యోగానికే ముప్పు. సర్క్యులర్‌లో ‘సబ్జెక్ట్ టు’ అన్న రెండు మాటలు దాటిపోతే మంజూరైన డబ్బు వెనక్కి పోతుంది. మన సంఘాల వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ రాజ్యాంగంలోని 350ఎ అధికరణ. 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలని అందులో ఉంది. ‘కల్పించాలి’ అని లేదు, ‘ప్రయత్నించాలి’ అని ఉంది. ఆ ఒక్క క్రియ దగ్గరే మన అర్జీలు ఎన్నో ఆగిపోయాయి. 1949లో విద్యా మంత్రుల సమావేశం చెప్పిన లెక్క, బడిలో 40 మంది లేదా తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే టీచరును ఇవ్వాలన్నది. అక్కడ కూడా ‘లేదా’ అని ఉంది. ‘మరియు’ అని చదివే అధికారులు లేకపోలేదు.

పరీక్షలో వాదనల ప్రశ్నలు కూడా ఉంటాయి. చిన్న వాదన ఒకటిచ్చి, దీన్ని బలహీనపరిచేది ఏది, దీని వెనక చెప్పకుండా అనుకున్నది ఏది అని అడుగుతారు. మనకు తెలిసిన వాదనతోనే చూద్దాం. ‘ఈ బడిలో తెలుగు సెక్షన్‌లో పిల్లలు ఏటా తగ్గుతున్నారు. కాబట్టి తల్లిదండ్రులకు తెలుగు మీద ఆసక్తి పోయింది.’ వినడానికి బాగుంది. దీని వెనక చెప్పకుండా దాచుకున్న మాట ఏమిటి? పిల్లలు తగ్గడానికి ఆసక్తి తప్ప వేరే కారణం లేదన్నది. ఇప్పుడు దాన్ని పడగొట్టే సంగతి ఏదై ఉంటుంది? తెలుగు టీచరు రిటైరై ఆ పోస్టు ఖాళీగా ఉండటం. తెలుగు పాఠ్యపుస్తకాలు బడి తెరిచాక నెలల తర్వాత రావడం. ‘తెలుగు తియ్యని భాష’ అనే జవాబు ఎంత నిజమైనా ఈ వాదనను ఏమీ చెయ్యదు. పరీక్షలో అలాంటి జవాబు ఒకటి తప్పకుండా ఇస్తారు, మనవాళ్లు దానిమీదే టిక్కు పెడతారు. అర్జీల్లోనూ మనం చేసేది చాలాసార్లు అదే. ఈ పరీక్షకు బాగా సిద్ధమైన అమ్మాయి ఒకతె ఉంటే సంఘం అర్జీ ఆమె చేత రాయించుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

సాధన ఎలా అన్నది చాలామంది అడుగుతున్నారు. పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థే పవర్‌ప్రెప్ పేరుతో రెండు నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తోంది. వాటిలో ఒకటి మొదట్లోనే రాయించండి, ఎక్కడున్నామో తెలుస్తుంది. రెండోది అసలు పరీక్షకు రెండు వారాల ముందు వరకు ముట్టుకోనివ్వకండి. మధ్యలో మూడు నెలలైనా ఉండాలి. మొదటి నెల గడియారం వద్దు. పది ప్రశ్నలు చేసి, ఒక్కో తప్పుకూ కారణం నోటుబుక్కులో రాయాలి. మేం ఆఫీసులో ఇన్‌వార్డు రిజిస్టరు రాసినట్టే: తేదీ, ప్రశ్న, నేను పెట్టిన జవాబు, సరైన జవాబు, ఎందుకు తప్పింది. ఆ చివరి గడిలో ‘అజాగ్రత్త’ అని రాయనివ్వకూడదు. అది కారణం కాదు, సాకు. మాట అర్థం తెలియలేదా, వాక్యం తిరిగిన చోటు చూడలేదా, పేరాలో లేనిది ఊహించుకున్నాడా, ఎవరి అభిప్రాయమో తికమకపడ్డాడా అన్నది రాయాలి. యాభై తప్పులు రాసేసరికి ఆ పిల్లవాడి జబ్బు ఏమిటో పేజీలోనే కనిపిస్తుంది. రోజుకు ఐదు వందల ప్రశ్నలు చేయించే కోచింగుకంటే ఆ యాభై తప్పులు విలువైనవి.

రెండో పని చదవడం. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయమో, సైన్సు మీదో చరిత్ర మీదో ఒక వ్యాసమో, ఆసక్తి లేని విషయమైతే మరీ మంచిది. చదివాక దాని సారాంశం ఒక్క వాక్యంలో ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో అయితే అందులోని మాటలనే మళ్లీ అప్పజెప్పి తప్పించుకోవచ్చు. తెలుగులో చెప్పాలంటే అర్థం కావాల్సిందే. అమ్మమ్మకు ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ గొప్ప సదుపాయం. ఆమె ‘అయితే ఇంతకీ ఆ రాసినాయన ఏమంటాడు?’ అని అడుగుతుంది. పరీక్షలో అడిగేదీ అదే.

అమెరికా ఆలోచన లేని ఇళ్లకు కూడా ఈ సాధన వృథా కాదు. ఐఐఎంల క్యాట్ పరీక్షలో వెర్బల్ విభాగానికి 40 నిమిషాలు, 24 ప్రశ్నలు. అందులో 16 నాలుగు పేరాల మీదే వస్తాయి. అక్కడ మాటల అర్థాల ప్రశ్నలు దాదాపు లేవు, తప్పుకు మాత్రం ఒక మార్కు కోత ఉంది, కాబట్టి గుడ్డిగా టిక్కు పెట్టే పని అక్కడ చెల్లదు. పాత ప్రశ్నపత్రాలు క్యాట్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఇంజనీర్లు రాసే గేట్‌లో ఏ సబ్జెక్టు తీసుకున్నా 100కు 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్, అందులో వెర్బల్ ఒక భాగం. మన వాళ్లున్న ప్రతి పెద్ద రాష్ట్రంలో ఇప్పుడు ఐఐఎం ఉంది: బెంగళూరు, తిరుచ్చి, సంబల్‌పూర్, నాగ్‌పూర్, ముంబయి. ఊరికి దగ్గర్లో సీటు, పరీక్ష ఇంగ్లీషులోనే, చాలా ఇళ్లలో ఇంగ్లీషు చదువుకున్న మొదటి తరం. కోచింగు కోసం పిల్లల్ని విశాఖకో హైదరాబాదుకో పంపి హాస్టలు ఖర్చులు పెట్టే ముందు ఈ మూడు నెలల సాధన ఇంట్లో చేయించి చూడండి. అప్పటికీ అవసరమైతే కోచింగు ఎక్కడికీ పోదు.

మా సంఘం గదిలో ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు పిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఏర్పాటు చేశాం. కోచింగు కాదు, ఫీజు లేదు. ఒక గంట ఇంగ్లీషు పేరా, ఒక గంట తెలుగు వ్యాసం. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు చదివింది ఇంకొకరికి చెప్పాలి. తెలుగు లిపి రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపిస్తారు. కుర్చీలు పన్నెండే ఉన్నాయి, చాప కూడా ఉంది. మిగతా ఊళ్ల సంఘాల దగ్గర గది ఉండి, అది పండగలకూ సన్మానాలకూ మాత్రమే తెరుస్తుంటే, వారానికి రెండు గంటలు దీనికి ఇవ్వడం కష్టమేమీ కాదు. తాళం చెవి సాధారణంగా కార్యదర్శి దగ్గరే ఉంటుంది.